నిలుచున్న మెట్టు లెక్కలోకి రాదు

మా సంగీతం మేష్టారు పోయారు. మొన్న మంగళవారం పొద్దున్న రాయగడలో కూతురింట్లో చోడి అంబలి తాగి, అరుగు మీద ఎండలో కూర్చున్నవారు కూర్చున్నట్టే వెళ్ళిపోయారట. కబురు రెండు రోజులు ఆలస్యంగా, ఆయన దగ్గర చదువుకున్న ఒక పిల్ల నోట నాకందింది. పిల్ల అంటున్నాను గాని, ఇద్దరు బిడ్డల తల్లి. రాయగడ నుంచి కోరాపుట్ బస్సులో వచ్చి, దిగినది దిగినట్టే మా గుమ్మంలో నిలబడింది.

"టీచరమ్మా, మేష్టారు పోనారు," అంది. నేనేదో అనేలోగానే, "నానేడవనండి. ఏడిస్తే శ్రుతి పోతాదనేవోరు కదా," అని, ఆ మాటతోనే భోరుమంది.

ఆయన గురించి రాయడానికి నాకేం అర్హత ఉందో తెలియదు. నాకు సంగీతం రాదు. ఈ ఊళ్ళో ఆడపిల్లల బడిలో ఇంగ్లీషూ చరిత్రా చెప్పుకుంటూ వచ్చినదాన్ని. రాయడం మొదలుపెట్టి రెండుసార్లు చించేశాను. కాని ఒక సంగతి ఆయనకీ నాకూ తప్ప ఎవరికీ తెలియదు. ఇప్పుడిక నాకొక్కదానికే తెలుసు. అది నాతోనే ఉండిపోతే ఆయనకు దక్కవలసిన గౌరవంలో కొంత నేను దాచుకున్నట్టవుతుంది.

ఆయనను మొదట చూసింది రాయగడలోనే. మా ప్రాంతాన్ని మద్రాసు నుంచి విడదీసి ఒరిస్సాలో కలిపిన ఏడాది. నాన్నగారు సంస్థానం కచేరీలో గుమాస్తా. పార్వతీపురం వైపు నుంచి రైల్లో ఒక నాటకాల కంపెనీ వస్తే, మధ్యాహ్నం సాధనకి మా వీధి వసారా ఇచ్చారు. నాకప్పుడు పదహారేళ్ళు. అందరూ రాజువేషం వేసే అందగాణ్ణి చూస్తుంటే నేను హార్మోనియం ఆయన్ని చూసేదాన్ని. గుణుపురం దగ్గర సేద్యం చేసుకునే కుటుంబం వాళ్ళది. నాగలి పట్టవలసిన వాడు మెట్లు పట్టాడని ఊళ్ళో నవ్వేవారని ఆయనే చెప్పేవారు. కుడిచెయ్యి మెట్ల మీద పరుగెడుతుంటే ఎడమచెయ్యి వెనకాల తిత్తిని మెల్లగా తెరుస్తూ మూస్తూ ఉండేది. వేషగాడి గొంతు ఏ పూట ఎక్కడ పలికితే ఆయన వేళ్ళు ఆ పూట అక్కడికి వెళ్ళేవి. జలుబు చేసినవాడికి కింద, హుషారుగా ఉన్నవాడికి పైన.

తర్వాత సినిమాలొచ్చాయి. కంపెనీ చెదిరిపోయింది. నేను వాల్తేరులో బి.ఏ. చదివి కోరాపుట్ బడిలో చేరాను. ఒక చలికాలం పొద్దున్న, గొంగళి కప్పుకుని, చంకలో హార్మోనియంతో ఒక మనిషి బడి గేటు దగ్గర నిలబడి, "పాటలు సెప్పడానికి మనిషి గావాలన్నారట," అన్నారు. మొహం పోల్చుకోలేకపోయాను. చేతులు చూసి పోల్చుకున్నాను. మా హెడ్మిస్ట్రెస్ ఒడియా ఆవిడ. నా మాట మీద ఆయన్ని పెట్టుకుంది. అప్పటినుంచి ఆయన నలుగురిలో నన్ను టీచరమ్మా అనేవారు, ఎవరూ లేనప్పుడో, సంగీతంలో పడి ఒళ్ళు మరిచినప్పుడో అమ్మీ అనేవారు.

స్వరాజ్యం వచ్చాక ఇక్కడి దొరల కుటుంబాలు ఒక్కొక్కటీ సామాను కట్టుకున్నాయి. వెళ్తూ వెళ్తూ ఒక దొరసాని తన పియానోను మా బడికి వదిలి వెళ్ళింది. ఎనిమిదిమంది బొంగులు కట్టి, పల్లకీలా మోసుకొచ్చారు. పిల్లలు పండగ చేసుకున్నారు. ఆ పండగ వారం రోజులు నిలవలేదు. బడి కమిటీ పెద్దాయన, సంస్థానంలో తరతరాలుగా ఉద్యోగాలు చేసిన కుటుంబంవారు, స్వయంగా వచ్చి పియానో చుట్టూ ఒకసారి తిరిగారు.

"వాయించేదెవరమ్మా?" అన్నారు.

హెడ్మిస్ట్రెస్ మేష్టారి వైపు చూసింది.

"నాటకాల్లో పెట్టె వాయించుకునే మనిషా? దొరల వాద్యానికి రెండు చేతులు కావాలమ్మా. మా చిన్నప్పుడు బంగళాలో చూసేవాణ్ణి, ఎడమచెయ్యి కుడిచెయ్యికి కింద నేల పరిచినట్టుండేది. ఒక చేత్తో టింగుటింగుమంటే దానికి పరువు తక్కువ. కింద మైదానంలో ఒక క్లబ్బువాళ్ళు అడుగుతున్నారు. వాళ్ళకిస్తే నాలుగు కాలాలు ఉంటుంది."

మేష్టారు పియానో మీద పడిన మోతగాళ్ళ వేలిముద్రలను కండువా చెంగుతో తుడుస్తున్నారు. హెడ్మిస్ట్రెస్ పట్టుబట్టగా చివరికి పెద్దాయన ఒక మాటిచ్చారు. వార్షికోత్సవానికి ఇంకా ఏడు వారాలుంది. ఆ రోజు ఒక్క పాట, ఎత్తుకున్నాక చివరిదాకా ఎక్కడా ఆగకుండా, రెండు చేతులా వాయిస్తే పియానో పిల్లలది. లేకపోతే ఆ సాయంత్రమే క్లబ్బు లారీ వస్తుంది.

ఆయన వెళ్ళాక మేష్టారు చుట్టను కిటికీ గట్టు మీద పెట్టి, పియానో ముందు కూర్చుని ఒక మెట్టు నొక్కారు. నొక్కి వేలు తియ్యలేదు. హార్మోనియం అయితే తిత్తి ఆడినంతసేపూ పలుకుతుంది. ఇది మోగి మోగి సన్నగిల్లిపోయింది.

"ఏటమ్మి ఇది, పుట్టగానే సచ్చిపోతంది!"

అప్పుడు చూశాం, ఆయన ఎడమచెయ్యి. పియానో పక్కన గాలిలో తెరుచుకుంటూ మూసుకుంటూ ఉంది, లేని తిత్తిని పట్టుకుని. పిల్లలు పడీ పడీ నవ్వారు. ఆయనా తన చెయ్యి చూసుకుని నవ్వారు. "ముప్పయ్యేళ్ళు ఊపిరందించింది ఇది. ఇప్పుడు మాటాడమంటే సిగ్గుపడతంది."

పియానో ముందు కూర్చునే బల్ల అరలో దొరసాని మరిచిపోయిన ఒక పుస్తకం దొరికింది. ముందు పేజీలు ఊడిపోయాయి. మూడు స్వరాలను ఒకేసారి పలికించడం ఎలాగో అందులో ఉంది. ఇంగ్లీషులో దాన్ని కార్డ్ అంటారు. మేష్టారు వినగానే దానికి గుత్తి అని పేరు పెట్టేశారు. ఆయనకు సంగీతం వచ్చు, ఇంగ్లీషు రాదు. నాకు ఇంగ్లీషు వచ్చు, సంగీతం రాదు. ఇద్దరం కలిస్తే ఒక మనిషి అవుతామనుకున్నాం.

నేను చదివి చెప్పాను. "మొదటి మెట్టు నుంచి నల్లవీ తెల్లవీ కలిపి నాలుగు మెట్లు లెక్కపెట్టండి, అది రెండోది. అక్కడినుంచి మూడు లెక్కపెట్టండి, అది మూడోది. మూడూ కలిపి నొక్కండి." దగ్గరుండి లెక్కపెట్టి చూపించాను కూడా. మొదటి మెట్టు మీద వేలుంచి ఒకటి, పక్కది రెండు, దాని పక్కది మూడు, ఆ పక్కది నాలుగు.

ఆయన బొటనవేలూ నడిమివేలూ చిటికెనవేలూ సర్దుకుని నొక్కారు. నొక్కి నా మొహంలోకి చూశారు.

"అమ్మి, ఇందులో పంచమం నేదు. మజ్జిమం తగుల్తంది. సరిగ్గానే సదివేవా?"

"సరిగ్గానే చదివాను మేష్టారూ. అచ్చులో ఉంది."

"అచ్చులో ఉంటే మరేటంటాం. దొరల సెవులు ఏరే రకంగా ఉంటాయి గావాల."

పది రోజులు. పది రోజులు ఆయన ఆ గుత్తిని వేపకషాయంలా మింగారు. బొటనవేలు, నడిమివేలు, చిటికెనవేలు. మెట్ల మీదే కాదు, పిల్లల హాజరు పిలుస్తుంటే బల్ల మీద, అంబలి తాగుతుంటే మోకాలి మీద. సిగ్గుపడే చేతిని సంతకు తీసుకువెళ్ళినట్టు ప్రతిచోటికీ తీసుకువెళ్ళారు. చెయ్యి మాట వినడం మొదలుపెట్టింది. వినిపించేది మాత్రం ఘోరంగా ఉండేది. పిల్లలు పళ్ళు గిట్టకరుచుకునేవారు. "మాస్టర్ బాబూ, ఎవరో ఏడుస్తున్నట్టుంది కదా," అంది హెడ్మిస్ట్రెస్ ఒకరోజు. "దొరలు సంతోషం వస్తే ఇలాగే ఏడుస్తారటండి," అన్నారు ఆయన, నన్ను ఒక్క మాట అననీయకుండా.

నాకు అనుమానం రాలేదా? వచ్చింది. నాకు రాని అనుమానమంటూ ఈ లోకంలో లేదు. కాని ఆ అనుమానం నా మీద రాలేదు, ఆయన చెవి మీద వచ్చింది. పల్లెటూరి నాటకాల చెవికి దొరల సంగీతం ఎక్కడం లేదనుకున్నాను. బి.ఏ. చదివినదాన్ని కదా.

పదకొండో రోజు పొద్దున్న పిల్లలు ప్రార్థనకి తంబురా సవరిస్తున్నారు. నేను పుస్తకంతో పక్కనే ఉన్నాను. శ్రుతి కుదిరిన తంబురా నాలుగు తీగలూ గదిలో గుండ్రంగా తిరుగుతున్నాయి. మేష్టారు ఒక్కసారిగా చెయ్యెత్తారు.

"ఉండండర్రా! అమ్మి, ఇను. మనం మీటింది ఏటి?"

"సా, పా," అన్నాను. అంతమట్టుకు నాకు తెలుసు.

"గా ఎవలు మీటేరు?"

ఎవరూ మీటలేదు. కాని ఉంది. ఆయన చెప్పాక నాకూ వినపడింది. సా తీగ లోపలినుంచి, కుండలోంచి ఆవిరి లేచినట్టు, గాంధారం తనంతట తాను లేస్తోంది. ఆయన దాన్ని పెదవుల మీద పట్టుకుని, ఎక్కడ జారిపోతుందో అన్నట్టు గునగునా నడుస్తూ పియానో దగ్గరకు వెళ్ళి మెట్లు ఒక్కొక్కటే నొక్కి చూశారు. దొరికింది. నేను చెప్పిన నల్లమెట్టు కాదు. దాని పక్కనున్న తెల్లమెట్టు. "కూసింత పైకెక్కినట్టుంది గాని ఇదే," అన్నారు. దానికి పైన పంచమం. మూడూ కలిపి నొక్కారు.

ఆ గది అంతా ఒక్కసారి కిటికీలు తెరిచినట్టయింది. పిల్లలు నోళ్ళు తెరిచారు.

"దొరల తీగైనా మన తీగైనా తీగ తీగే గదమ్మీ. తంబురా అబద్ధమాడదు. మరి పుస్తకమెందుకు ఆడింది?"

నేను పుస్తకం తెరిచి మళ్ళీ లెక్కపెట్టాను. అప్పుడు తెలిసింది. పుస్తకం అబద్ధమాడలేదు. పురిటికీ మైలకీ రోజులు లెక్కేసినట్టు, వేలుంచిన మొదటి మెట్టును కూడా ఒకటిగా కలిపి లెక్కేశాను. మా ఇళ్ళల్లో ఏ లెక్కయినా అంతే. పుట్టిన రోజే ఒకటో రోజు. పుస్తకం రాసినవాడి లెక్క అది కాదు.

ఆయనకు చెప్పాను. పిల్లలను బయటకు పంపించి మరీ చెప్పాను. ఆయన మెట్ల మీద వేలితో ఒకసారి లెక్కపెట్టి చూసి, తలూపారు. "మెట్లెక్కీటప్పుడు నిల్సున్న మెట్టు లెక్కలోకి రాదు కదమ్మి. ఎత్తిన అడుగే లెక్క."

"పది రోజులు మీ చేత తప్పు వాయించాను మేష్టారూ."

"తప్పేటమ్మి? పుస్తకంలో దొరికితే రెణ్ణెల్లకి మర్సిపోదుం. ఎతికి పట్టుకున్నాం, ఇంక పోదు." ఆ తర్వాత గొంతు తగ్గించి, "పెద్ద టీచరమ్మకి ఈ సంగతి సెప్పకు," అన్నారు. హెడ్మిస్ట్రెస్ ఆ మధ్యాహ్నమే వచ్చి, ఉన్నట్టుండి ఇంత తియ్యగా ఎలా అయిందని అడిగితే, "నా ఏళ్ళు తప్పెళ్ళీయండి. ఇప్పుడు దారిలో పడ్డాయి," అన్నారు.

ఇదే నేను దాచిన సంగతి. పద్నాలుగేళ్ళు ఆయన ఆ తప్పును తన వేళ్ళ మీద మోశారు. ఎన్నోసార్లు నలుగురిలో చెప్పేద్దామనుకున్నాను. చెప్తే ఆయనకు కష్టమనిపిస్తుందేమో, చెప్పకపోతే నాకు కష్టం. తేల్చుకోలేకపోయాను. ఆయన వేళ్ళు ఎన్నడూ తప్పు వెళ్ళలేదు. ఈ మాట అచ్చులో ఉండాలి.

తర్వాతంతా ఎక్కడమే. సా మీద ఒక గుత్తి, మా మీద ఒకటి, పా మీద ఒకటి. ఈ మూడింటితో మా ప్రార్థన గీతం మొత్తానికి కాళ్ళొచ్చాయి. గుత్తిలో అడుగున ఎప్పుడూ సా ఉండనక్కర్లేదనీ, గా కిందికొచ్చి సా పైకెక్కినా అదే గుత్తి అనీ కనిపెట్టిన రోజున చిన్నపిల్లాడిలా నాకోసం తరగతి గుమ్మం దాకా పరిగెత్తుకొచ్చారు. "అమ్మి, ముగ్గురన్నదమ్ములు పీట మార్సుకున్నా ఇల్లు ఒకటే!" చరిత్ర పాఠం మధ్యలో, పిల్లలందరి ముందూ. అన్నాక నాలిక్కరుచుకున్నారు. ఉన్నది ఒక్క పియానో, పిల్లలు నలభైమంది. అందుకని ముగ్గురేసి పిల్లలను నిలబెట్టి, నువ్వు సా, నువ్వు గా, నువ్వు పా అని ఒకేసారి పాడించేవారు. పక్కవాళ్ళ స్వరంలోకి జారిపోకుండా తన స్వరం మీద నిలబడడం ఎంత కష్టమో ఆ పిల్లల మొహాలు చూస్తే తెలిసేది. "పక్కదాన్ని ఇను, దాని ఎనకాల పోకు," అనేవారు. సంగీతం గురించే అన్నారో ఏమో. నేను చాలా వాటికి వాడుకున్నాను.

వార్షికోత్సవం నాటి మధ్యాహ్నం కమిటీ పెద్దాయన మఫ్లరు చుట్టుకుని ముందు వరసలో కూర్చున్నారు. క్లబ్బు లారీ అప్పటికే వచ్చి గేటు దగ్గర ఆగి ఉంది. అందులో గడ్డి పరిచి ఉంది, మోకులు చుట్టలుగా పెట్టి ఉన్నాయి. పాట ఎత్తుకోవలసిన పిల్ల ఎనిమిదో తరగతిది. వేదిక మీదనుంచి ఆ మోకులు దానికి కనపడ్డాయి. ఏడు వారాలూ ఒకటో శ్రుతిలో, అన్నీ తెల్లమెట్ల మీద నేర్చుకున్నాం. మేష్టారు సా అందించారు. పిల్ల కళ్ళు మోకుల మీదే ఉన్నాయి. నోరు తెరిచింది. భయానికి గొంతు పైకెగిరిపోయింది. మూడు మెట్లు పైన, రెండున్నర శ్రుతిలో ఎత్తుకుంది. తక్కిన గొంతులన్నీ దాని వెనకాలే పైకి లేచిపోయాయి.

నాకు స్వరాలు తెలియవు గాని, మేష్టారి చేతులు మెట్లకు బెత్తెడు పైన ఆగిపోవడం కనిపించింది. పాట మొదటి పాదం పక్కవాద్యం లేకుండానే నడుస్తోంది. పెద్దాయన కుర్చీలో కదిలారు. ఆపి మళ్ళీ మొదలుపెట్టమని సైగ చెయ్యాలా? ఆపితే మాట ప్రకారం ఓడిపోయినట్టే. నేను లేవబోయి కూర్చున్నాను, కూర్చోబోయి లేచాను.

మేష్టారు తల ఒక పక్కకు వాల్చి వింటున్నారు. నాటకాల్లో వేషగాడి గొంతు వెతుక్కునేటప్పుడు మా వసారాలో అలాగే వాల్చేవారు. కుడిచేతి వేలొకటి దిగి ఒక నల్లమెట్టును తాకింది. అదే ఆ పిల్ల ఎత్తుకున్న సా. ఆయన పెదవులు కదలడం నేను చూశాను. నాలుగు. మూడు. ఎడమచెయ్యి, ఆ సిగ్గరి చెయ్యి, ఎన్నడూ తొక్కని నల్లమెట్ల మీదికి వెళ్ళి, ఒక తెల్లదాన్ని మధ్యలో ఇరికించుకుని, గుత్తిని నిండుగా నొక్కింది.

పిల్లల కాళ్ళ కింద నేల వచ్చింది. వాళ్ళ భుజాలు దిగడం కనిపించింది. అక్కడినుంచి మా మీదికి వెళ్ళినా పా మీదికి వెళ్ళినా, ప్రతి గుత్తినీ ఆయన అప్పటికప్పుడు లెక్కపెట్టి కట్టుకుంటూ వెళ్ళారు. వేళ్ళకు అలవాటైన చోటు ఒక్కటి లేదు. లెక్క ఒక్కటే ఉంది, చెవి ఒక్కటే ఉంది. రెండో చరణానికల్లా కుడిచెయ్యి పిల్లలతో పాడుతోంది, ఎడమచెయ్యి వాళ్ళను మోస్తోంది. చివరి గుత్తి మోగి మోగి దానంతటది ఆగేదాకా ఎవరూ చప్పట్లు కొట్టలేదు. ఆ తర్వాత బడి కప్పు లేచిపోయింది.

పెద్దాయన లేచి పియానో దగ్గరకు వచ్చారు. "రెండు చేతులా వాయించారు. ఒప్పుకుంటున్నాను. కాని ఆ నల్లమెట్ల మీదికెందుకు వెళ్ళారు? తెల్లవాటి మీద తేలిక కదా?"

"పాప గొంతు అక్కడుందండి."

పెద్దాయన పాట ఎత్తుకున్న పిల్ల తల మీద చెయ్యి వేశారు. "భొలొ హెలా, మాస్టర్ బాబూ, భొలొ హెలా," అని హెడ్మిస్ట్రెస్ ఒకే మాటను పదిసార్లు అంటోంది, కళ్ళద్దాలు తుడుచుకుంటూ. బాగా అయింది, నిజమే. అంతకంటే పెద్ద మాట మాకెవరికీ దొరకలేదు.

"పాడేవోడెప్పుడూ తప్పడమ్మి," అన్నారు మేష్టారు తర్వాత నాతో. "వాయించీవోడే తప్పుతాడు. ఆడెక్కడుంటే మనం అక్కడికెల్లి అందుకోవాల." ఆ తర్వాత నేను పాఠం చెప్పిన ప్రతి తరగతిలోనూ ఈ మాట నా పక్కన నిలబడింది. ప్రతిసారీ అందుకున్నానని చెప్పలేను.

పియానో ఇప్పటికీ మా బడిలోనే ఉంది. దాని మీద ఎడమచెయ్యి దిద్దుకున్న పిల్లలు గుణుపురంలో, జయపురంలో, రాయగడలో ఇవాళ టీచర్లు. పియానో లేనిచోట ముగ్గురేసి పిల్లలను నిలబెట్టి పాడిస్తున్నారట.

ఆయన పోయారన్న కబురు విన్నప్పటినుంచి నాకు కనబడుతున్నది మాత్రం ఆ సాయంత్రమే. పెద్దాయనే గేటు దాకా వెళ్ళి, సరుకు లేదు వెళ్ళిపొమ్మని డ్రైవరుతో చెప్పారు. "గడ్డి పరిసి, మోకులు తెచ్చి, ఉత్తినే ఎలాగెల్తానండి?" అని డ్రైవరు గొణిగాడు.

"ఉత్తినెందుకయ్యా? సరుకుంది," అన్నారు మేష్టారు. "ఎక్కండే గుంటల్లారా! బజారు దాకా ఎల్లొద్దుం. సా వోళ్ళు ఈ పక్క, గా వోళ్ళు మజ్జిని, పా వోళ్ళు ఎనక్కి."

హెడ్మిస్ట్రెస్ నవ్వుతూ తలూపింది. నలభైమందీ లారీ మీద వాలారు. నేను గేటు దగ్గరే నిలబడ్డాను. టీచరు లారీ ఎక్కవచ్చా, చూసినవాళ్ళు ఏమంటారు, అసలు నాకు పాట వచ్చా అని.

"టీచరమ్మా, ఏటాలోసిస్తన్నారు? పా దగ్గర ఒక మనిషి తక్కువైంది. ఎక్కండి!"

ఎక్కాను. చీర కుచ్చెళ్ళు చేత్తో పట్టుకుని, ఇద్దరు పిల్లలు చేతులందిస్తే ఎక్కాను. లారీ కదిలింది. ఆయన డ్రైవరు గదికి వీపు ఆనించి మాకెదురుగా నిలబడి చెయ్యెత్తారు. సా లేచింది, దాని మీద గా లేచింది, నా చుట్టూ పా లేచింది, నా గొంతులోంచి కూడా. బజారు వైపు దిగే వాలులోకి రాగానే డ్రైవరు ఇంజను ఆపేశాడు. పెట్రోలు మిగుల్చుకోవడానికో, వినడానికో. చప్పుడు లేని లారీ చలిమంచులోకి జారుతోంది. దుకాణాలవాళ్ళు బయటకొచ్చి నిలబడిపోతున్నారు. నలభై గొంతులు మూడు స్వరాల మీద, ఒక్కటీ పక్కదాని వెనకాల పోకుండా, నిలబడి ఉన్నాయి. ఆయన కండువా గాలికి ఎగురుతోంది. కళ్ళు మూసుకుని ఉన్నారు. ఎత్తిన చెయ్యి ఇంకా దించలేదు.